దొర బంగళాలో ఇనప తల

మా ఎస్టేటులో దొర బంగళా పేరెత్తితే మగాళ్ళే గొంతు తగ్గించేవారు. దొర దాన్ని ఖాళీ చేసి పట్నం పోయాక, రాత్రిపూట అక్కడో ఇనప తల తిరుగుతోందని పుకారు. కళ్ళుండవు, నోరుండదు... రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మూలుగు మాత్రం వినిపిస్తుందట. తాత చెప్పిందే చెబుతున్నాను, నా కల్పన ఏమీ లేదు.

తాత కూర్మయ్య రబ్బరు చెట్లు గీసేవాడు. అది 1951. మలయా అడవుల్లో దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, రోడ్ల మీద వాళ్ళ కోసం కాపుకాసే సిపాయిలు, చీకటిపడితే కర్ఫ్యూ. ఆ రాత్రి మా అమ్మమ్మకి — ఆవిడ పేరు పాపాయి — పురిటి నొప్పులు. తొలి కాన్పు, ఎంతకీ తెమలడం లేదు. మంత్రసాని వెంకమ్మ ఇల్లేమో బంగళా అవతల. రోడ్డెక్కితే కాల్చేస్తారు... తాత బంగళా తోటలోకే దిగాడు.

సగం దూరంలో — ఠంగ్!

ఎదురుగా ఇనప తల. పైన కోసుగా మొన, కళ్ళ చోట సన్నని చీలిక. అది చెయ్యెత్తింది.

"కూ...ర్మ...య్యా..."

పేరు కూడా తెలుసు దానికి! తాత ఒకటే పరుగు. ఇంట్లో పడి, తలుపు మూసి, వీపు ఆనించాడు. లోపల పాపాయి కేకలు. బయట — ఠక్... ఠక్...

"ఏటయ్యా, ఎవులది?" అంది పాపాయి.

"దెయ్యం! ఎనకే వచ్చినాది!"

"దానికి సేతులున్నాయా?"

తాత సందులోంచి చూశాడు. "...ఉన్నాయి."

"మరి రానీ!"

తలుపు తీశాడు.

"నీళ్ళు కాసినావేట్రా?" అంది ఇనప తల. వెంకమ్మ గొంతు!

సంగతేమిటంటే, నొప్పులు మొదలయ్యాయని చీకటిపడకముందే ఎవరో చెబితే, తాత వచ్చేలోపే ఆవిడే బయల్దేరింది. తూటాలకీ, తోటలో రాలే పనసలాంటి ముళ్ళ దురియన్ కాయలకీ భయపడి, రాత్రిపూట కాన్పులకి వెళ్ళినప్పుడల్లా బంగళా గోడకున్న ఇనప టోపీలు వాడుకుంటోంది. పూర్వం దొరల దేశంలో గుర్రమెక్కి యుద్ధం చేసిన వీరులవి. మొదట బాగా పాతది పెట్టుకుంది. బోర్లించిన బిందెలా పైన చదును. ముళ్ళకాయ సూటిగా పడి మూడు రోజులు మెడ తిరగలేదు. తర్వాతి తరాల వాళ్ళు మొన తేల్చి చేసింది పెట్టుకుంటే, కాయ ఠంగుమని తగిలి పక్కకి జారిపోయింది; తాత విన్న చప్పుడూ అలాంటిదే. ఆ వీరులకీ దెబ్బలు తిన్నాకే బుద్ధొచ్చినట్టుంది. ఈవిడకి మాత్రం రాలేదు. వదులుగా ఉందని ఆ రాత్రి లోపల గుడ్డలు పెట్టి రబ్బరు పాలతో అంటించి, ఆరకుండానే తొడుక్కుంది. జుట్టుతో సహా పట్టేసింది.

తాత లాగబోతే, "ముందు బిడ్డరా!" అని విదిలించుకుంది.

తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. మా అమ్మ. ఏడవలేదు. వెంకమ్మ పాదాలు తట్టింది, వీపు రుద్దింది... ఊహూఁ. వెంకమ్మ బిడ్డని ముఖం దగ్గరికి ఎత్తుకుంది.

బిడ్డ కళ్ళు తెరిచింది. ఆ ఇనప ముఖాన్ని చూసింది —

కెవ్వున పెట్టిన ఆ కేకకి, రోడ్డు మీది సిపాయిలు తుపాకులతో సహా పరిగెత్తుకొచ్చారట.