మా ఇంటి గుర్తు

"నా గొర్రెలకు ఎర్రరంగు పూసిందెవరప్పా?"

వెన్నెల అరుపుకి డిగ్రీ సెకండియర్ క్లాసులో అన్నం తింటున్నవాళ్లంతా చేతులాపేశారు. యువరాజ్ మాత్రం సంతోషంగా చెయ్యెత్తాడు. మంచి పనే చేశాననుకున్నాడు పాపం.

ఆ గొర్రెలు ఫోనులోవి. లంచ్ టైములో జయచంద్ర హాట్‌స్పాట్ పెడితే క్లాస్‌మేట్లు నలుగురైదుగురు ఒకే ఆటలో చేరతారు. అంతా చదరపు దిమ్మెల లోకం. చెట్లు కొట్టాలి, ఇల్లు కట్టాలి, చీకటి పడితే వెంటపడే దెయ్యాలకు చిక్కకుండా బతకాలి.

యువరాజ్ ఆ ఆటలో చేరి వారమే అయింది. ముదిగుబ్బ దగ్గర పల్లెలో గొర్రెల మధ్య పెరిగినవాడికి ఈ ఆటలో ఏదీ అంతుపట్టడం లేదు. చెట్టును ఉత్త చేత్తో గుద్దితే మొద్దులు రాలడమేమిటి? మొదలు నరికినా పైకొమ్మలు గాల్లోనే నిలవడమేమిటి? బయట హిందూపురంలో ఎండ మాడ్చేస్తుంటే ఫోనులో వాన. ఆ వానలో గొర్రెలు తడుస్తూ నిలబడతాయే తప్ప ఒక్కటీ చెట్టు కిందికి పోదు!

అయినా ఆడుతున్నాడు. ఎందుకంటే నేర్పేది వెన్నెల. "ఈడ నొక్కు, ఆడ కాదు" అంటూ ఆమె అతని ఫోను మీదికి వంగినప్పుడు, అతనికి తన వేళ్లలో బొటనవేలు ఏదో కూడా తెలిసేది కాదు. ఆ నలభై నిమిషాల కోసమే కాలేజీకి వస్తున్నాడు.

"ఎందుకు పూసినావు?" వెన్నెల నిలదీసింది.

"దొడ్లోనే పెట్టి మేపకుంటే ఎట్ల? పాపం కదా! బయటికి తోలినా. తోలేముందు గుర్తు పెట్టల్ల కదా, జయచంద్ర గొర్రెల్లో కలిసిపోతే?"

జయచంద్ర తల పట్టుకున్నాడు. "రేయ్, ఫ్రెషర్స్ డేకి చూపియల్లని తెల్ల ఉన్నితో మహల్ కడతాందిరా ఆ పిల్ల! నెల నుంచి పెంచిన పది గొర్రెలు. మళ్లీ తెల్లగా చేయల్లంటే అస్థిపంజరాలతో కొట్లాడి ఎముకలు తెచ్చి, ఆ పొడితో తెల్లరంగు చేయాల. నువ్వు చెప్పు వెన్నెలా, వీన్ని ఆటలోంచి తీసేయల్లా?"

యువరాజ్ వెన్నెల వైపు చూశాడు. ఆట పోతే పోయింది, ఆమె పక్కన చోటు కూడా పోతుంది.

వెన్నెల ఫోనులో ఆ ఎర్రగొర్రెల చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమెది కోపమో నవ్వో ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

"నీవి నాలుగుండాయి కదా. వాటికేం రంగు?"

"ఎరుపే. మా ఇంటి గుర్తు. మా అవ్వ కాలం నుంచీ అదే."

"మరి నావేవో, నీవేవో ఎట్ల తెలుస్తాది?"

నిజమే కదా! నడక వచ్చినప్పటి నుంచి గొర్రెలతో తిరిగినవాడు ఇంత తప్పు ఎలా చేశాడు?

"మీ ఊర్లో రెండిండ్ల గొర్రెలకు ఒకే గుర్తు పెడతారా?"

"పెట్టరు."

"ఎప్పుడూ?"

"ఆ రెండిండ్లు ఒకటైతే పెడతారు."

"ఎట్ల ఒకటైతాయి?"

అతని చెవులు వేడెక్కాయి. "పెండ్లయితే."

జయచంద్ర వేలు ఫోను మీదే ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"తెలిసే పూసినావా?" వెన్నెల గొంతు తగ్గించి అడిగింది.

ఏదైనా అబద్ధం చెప్పి బయటపడొచ్చు. ఆ అయోమయంలో అతనికి అబద్ధం కూడా తట్టలేదు.

"పూసేటప్పుడు తెల్దు. నువ్వు అడుగుతాంటే ఇప్పుడే తెలిసింది. నువ్వంటే నాకు ఇష్టం వెన్నెలా. ఈ ఆట ఒక్క ముక్క అర్థం కాదు నాకు. నీ పక్కన కూర్చునేదానికే వస్తాండా."

వెన్నెల మొహం ఆ గొర్రెల కన్నా ఎర్రబడింది.

"వాన్ని తీయొద్దు జయచంద్రా," అంది. "మహల్ ఎర్రగానే కడతా."

"కోపం రాల్యా నీకు?" అన్నాడు యువరాజ్.

"వచ్చింది. పది గొర్రెలప్పా! అయినా గుర్తు సంగతి నువ్వు చెప్తే తెలుసుకోవాల్నా? పెనుకొండ పక్కన మా నాయనవి ఎనభై ఉండాయి. మా ఇంటి గుర్తు నీలం."

"అంటే నీకు అంతా తెలుసా? మరి ఎందుకడిగినావు?"

"నీ నోట్లోంచి వస్తాదో రాదో చూద్దామని."

ఆమె మళ్లీ ఆటలోకి వెళ్లింది. తడుస్తున్న అతని నాలుగు గొర్రెల దగ్గరికి నడిచి, ఒక్కోదానికి నీలం రంగు పూసింది. పూసి, తల ఎత్తకుండా అన్నం బాక్సు మూత తీసింది.

వారం రోజులుగా ఆ ఆటలో యువరాజ్‌కి పూర్తిగా అర్థమైంది అదొక్కటే.