రొట్టె కవరులో ఐదు గ్రాములు

ఆ ఇంట్లో రోజూ అందరికంటే ముందు నిద్ర లేచేది తక్కెడ. తక్కెడంటే గొలుసులకి వేలాడే పళ్ళేలు కావు, అంకెలు వెలిగే చదరపు పెట్టె. ఇంటాయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్ళుగా బజారులో తూకాలు తనిఖీ చేసి, సరైనవాటికి ముద్ర వేసి, మోసకారివాటిని పట్టుకుపోతున్న మనిషి. ఆఫీసులో రోజంతా తూచినా తనివి తీరక ఇంట్లో కూడా తూస్తాడు. వీధి వీధంతా ఆయన్ని వెనకాల గ్రాములుగారు అంటుంది. రెండిళ్ళ అవతల ఉండే అక్కగారు మాత్రం మొహం మీదే అంటుంది.

పొద్దున్నే కొట్టు నుంచి రొట్టె వస్తుంది. కవరు మీద నాలుగు వందల గ్రాములని ఉంటుంది. ఆయన దాన్ని పెట్టె మీద పెట్టి, కవరు బరువు మినహాయించి, "నాలుగు గ్రాములు తక్కువ" అని ప్రకటించి, అప్పుడు తింటాడు. పదేళ్ళుగా ఆ రొట్టె నాలుగు గ్రాములు తక్కువే. పదేళ్ళుగా ఆయన తింటూనే ఉన్నాడు.

భార్యది పూర్తిగా వేరే దారి. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ కాంటీనులో నూట ఇరవై మందికి పదకొండేళ్ళుగా వండుతోంది. చెంచాతో కొలిచింది లేదు. ఉప్పు డబ్బాలోకి చెయ్యి వెళ్తుంది, వస్తుంది, అంతే.

"ఎంత వేశావు?" అంటాడాయన.

"తగినంత."

"తగినంత అనేది కొలత కాదు."

"మరి తిన్నాక ఎప్పుడూ ఏమీ అనరేం?"

ఇది వాళ్ళ కాపురం వయసున్న పోట్లాట. గెలిచినవాళ్ళు లేరు, విసిగినవాళ్ళూ లేరు.

ఆ పొద్దున ఆమె వంటింట్లో నిలబడి ఒక కాగితాన్ని ఏడోసారి చదువుకుంటోంది. హాల్లో చెప్పుల చప్పుడు వినిపించగానే చేతికి అందిన చోట దాచేసింది. అందింది రొట్టె కవరు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా కాగితం దాచడానికి అది మంచి చోటే, ఆ ఒక్క ఇంట్లో తప్ప.

ఆయన వచ్చాడు. రొట్టె తీసుకెళ్ళి, హాల్లో గుమ్మం పక్కనుండే పెట్టె మీద పెట్టాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"ఒక గ్రాము ఎక్కువ!"

"మంచిదేగా! కొట్టువాడికి బుద్ధొచ్చినట్టుంది," అంది ఆమె, పొయ్యి వైపు తిరిగి.

"పదేళ్ళు రాని బుద్ధి బుధవారం పూట వస్తుందా?" అని కవరులో చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన కాగితం బయటికొచ్చింది. ఆయన ముందు దాన్ని తూచాడు. "ఐదు. ఐదులో నాలుగు పోతే ఒకటి. లెక్క సరిపోయింది," అని స్థిమితపడి, ఆ తరవాతే విప్పి చదివాడు.

చదువుతున్నకొద్దీ ఆ స్థిమితం పోయింది. అది విదేశీ ఉద్యోగం దరఖాస్తు. వృద్ధుల ఆశ్రమంలో వంట పని. రెండేళ్ళు చేస్తే అక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. ప్రధాన అభ్యర్థి అన్న చోట భార్య పేరుంది. కింది గడిలో, 'అభ్యర్థిపై ఆధారపడిన భర్త' అన్న మాట పక్కన, ఆయన పేరు. సంతకం చోటు ఖాళీ.

"ఏమిటిది?"

"చదివారుగా."

"నేను నీ మీద ఆధారపడ్డానా?"

"ఆ మాట నేను రాయలేదండీ, వాళ్ళే అచ్చువేశారు."

గొంతులు పెరగడం విని కూతురు తల దువ్వుకుంటూ వచ్చింది. కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఈ కుట్రకి మూలం ఆ పిల్లే. "నాన్నా, విదేశం వెళ్ళడానికి మీరు పెట్టిన ఫైలు మూడుసార్లు తిరిగొచ్చింది కదా. మీ వృత్తి వాళ్ళ జాబితాలో లేదన్నారు. నేను ఆ జాబితా మొత్తం చదివాను. వంటవాళ్ళున్నారు, కాంటీన్ నడిపేవాళ్ళున్నారు. ఇంట్లోనే మనిషిని పెట్టుకుని మనం ఊరంతా వెతికాం."

"ఇలాంటివన్నీ మోసాలే. ముందు ఫీజు కట్టమంటారు."

"అలా అడిగినవాళ్ళకి జవాబే ఇవ్వలేదండీ," అంది ఆమె. "ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ మన దగ్గర పుచ్చుకోడు. ఆ మాత్రం నాకూ తెలుసు. ముప్ఫై ఒక్క చోట్లకి రాశాను. ఆశ్రమం ఉందో లేదో వాళ్ళ ఊరి ఆఫీసులో కనుక్కుని, ఆ తరవాతే మాట్లాడాను. రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. ఇవాళ పదింటికి ఆఖరిది, వంట చేసి చూపించాలి."

"రెండయ్యాయా? నేనెక్కడున్నాను?"

"బజార్లో."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "గరిటె తిప్పడానికి సముద్రాలు దాటాలా?"

ఆమె గరిటె కింద పెట్టింది. నెమ్మదిగానే పెట్టింది, కానీ ఇంట్లో అందరికీ వినిపించింది.

"ఇదే గరిటె ఈ ఇంట్లో తిప్పితే చిన్నతనం కాదు. ఫ్యాక్టరీలో తిప్పితే, జీతం వస్తుంది కాబట్టి చిన్నతనం కాదు. కాగితం మీద మీ పేరుకి పైన కూర్చుంటే మాత్రం చిన్నతనమా?"

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని అక్కగారు వచ్చింది. ఆవిడ దర్జీ. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, చేతిలో తెల్లటి ఏప్రాన్. సూదులు తీసి, "అమ్మాయ్, ఇదిగో, జేబు కూడా పెట్టాను. ఒకసారి కట్టుకుని..." అంటూ తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది.

"అక్కా! నీకు కూడా తెలుసా?"

"కొలతలు తీసుకోకుండా ఏప్రాన్ ఎలా కుడతారా?"

"అంటే ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనా?"

"పక్కింటి పిల్లికి కూడా తెలియదులే," అంది అక్కగారు ఓదార్పుగా.

ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా, వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. రొట్టె అలాగే పెట్టె మీద ఉండిపోయింది.

"పోనీవే, అలక తూకం తగ్గాక వాడే వస్తాడు," అంది అక్కగారు.

ఆమె మాత్రం రెండు కప్పుల టీతో అరుగు మీదికి వెళ్ళింది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఈ ఆఖరి పరీక్ష తప్పితే మళ్ళీ పిలవరని ముందే చెప్పారు. అయినా పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆయన చివరికి. కోపం కరిగి కంఠం మాత్రం మిగిలింది.

"మీ ఫైలు తిరిగొచ్చిన ప్రతిసారీ మీరు వారం రోజులు రొట్టె తూచడం మానేశారు. గుర్తుందా? నాది కూడా తిరిగొస్తే ఆ తక్కెడ మళ్ళీ లేవదనిపించింది. ఉద్యోగం చేతికొచ్చాక చెబుదామనుకున్నాను."

ఆయన టీ తాగాడు. ఆమె లేచి, "నాకు వెళ్ళాలనుంది," అంది గుమ్మంలో ఆగి. "మీ కోసమూ, పిల్ల కోసమూ మాత్రమే కాదు. పదకొండేళ్ళుగా వండుతున్నాను. నీ పని మాకు కావాలి అని ఒకళ్ళు నన్ను పిలవడం ఇదే మొదటిసారి."

పదింటికి కూతురు ఫోనుని పిండి డబ్బాకి ఆనించింది. తెరమీద ఆశ్రమం వంటగదిని నడిపే పెద్దావిడ కనిపించింది. పొట్టి జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు, నవ్వు పొదుపు. ఆవిడ భాషలో మాట్లాడడానికి ఆమె డిగ్రీ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

చెయ్యాల్సింది కూరగాయల సూప్, నలభై మందికి. వంటకి ముందే ఒక కార్డు రాసి పంపాలి, ప్రతి దినుసూ గ్రాముల్లో. తల్లీకూతుళ్ళు రెండు రాత్రుళ్ళు కూర్చుని రాశారు. ఆశ్రమంలో తొంభై మంది పెద్దవాళ్ళని, అందులో సగం మందికి ఉప్పు మీద ఆంక్ష ఉందని, అందుకే కార్డే తమకి శాసనమని పెద్దావిడ ముందే చెప్పింది.

ఉల్లిపాయలు చకచకా తరిగింది. క్యారెట్లు ఒకే మందాన పడ్డాయి. పెద్దావిడ తల ఊపింది. నీళ్ళు మరిగాయి, వంటిల్లంతా కమ్మటి వాసన. ఆమె చెయ్యి హాయిగా పనిలో పడింది. అదే కొంప ముంచింది. పక్కనే కొలత చెంచాలున్నాయి, చెయ్యి వాటిని చూడలేదు. ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది, వచ్చింది, గిన్నెలో ఉప్పు పడింది.

కూతురు కళ్ళు మూసుకుంది.

"ఆగండి," అంది పెద్దావిడ. "ఇప్పుడు ఎంత వేశారు?"

"పన్నెండు గ్రాములు. కార్డులో ఉన్నంతే."

"చేత్తో వేశారు. పన్నెండని నాకెలా తెలుస్తుంది? మీకు మాత్రం ఎలా తెలుసు?"

'తగినంత' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయింది. పెద్దావిడ కలం తీసి ఏదో రాయబోయింది.

అప్పుడు గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడు. ఆయన! తల దువ్వుకుని, ఆఫీసు చొక్కా తొడుక్కుని, రెండు చేతులా తక్కెడ పట్టుకుని నిలబడ్డాడు. మీదున్న రొట్టెని అక్కగారి చేతికిచ్చి ఫోను ముందుకి వచ్చాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. ఇది ముద్ర పడిన తక్కెడ."

"మీరెవరు?"

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్నకి ఆయన దగ్గర ఒకే జవాబుంది. హోదా, శాఖ, గుర్తింపు కార్డు. బజారు బజారంతా లేచి నిలబడే జవాబు అది. ఆయన భార్య వైపు ఒకసారి చూశాడు.

"నేను అభ్యర్థిపై ఆధారపడిన భర్తని," అన్నాడు.

అక్కగారు రొట్టెని గుండెకి హత్తుకుంది.

ఆయన తక్కెడ మీద కాగితం పరిచి అంకెని సున్నాకి తెచ్చాడు. "ఊఁ, వెయ్యి. గిన్నెలో వేసినట్టే వెయ్యి. అంకెని చూడకు."

ఆమె ఉప్పు తీసి వేసింది. పన్నెండు.

"మళ్ళీ."

పన్నెండు.

"మళ్ళీ." ఈసారి గొంతులో ఇన్‌స్పెక్టరు దిగాడు. ఏదో తిరకాసు ఉండే ఉంటుంది, పట్టుకోవాలి. కళ్ళు మూసుకుని వెయ్యమన్నాడు. పన్నెండు. ఎడమ చేత్తో వెయ్యమన్నాడు. పద్నాలుగు. "చూశారా, తక్కెడలో మోసం లేదని ఎడమ చెయ్యి చెప్పింది. కుడి చేతిది అలవాటు," అని తనే పెద్దావిడకి చెప్పి, "ఇంకొక్కసారి, కుడిచేత్తో," అన్నాడు.

పన్నెండు.

ఆయన 'మళ్ళీ' అనబోయి ఆగాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి.

"ఇన్నేళ్ళుగా ఊరంతా తిరిగి తప్పులు వెతికాను," అన్నాడు, పెద్దావిడకో, భార్యకో, ఉప్పుకో తెలియకుండా. "ఒక్క గ్రాము జరగని తూకం నా వంటింట్లోనే ఉంది. రోజూ అడిగాను, ఎంత వేశావు, ఎంత వేశావు అని. ఒక్కరోజైనా తూచి చూళ్ళేదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉల్లిపాయలు," అంది కూతురితో.

"ఉల్లిపాయలు తరిగి అరగంటైంది," అంది అక్కగారు, ముక్కు ఎగబీలుస్తూ.

పెద్దావిడ కార్డు వంక చూసింది, తక్కెడ వంక చూసింది. పొదుపు చేసిన నవ్వంతా ఒక్కసారే ఖర్చు పెట్టింది. "ఇక్కడికొచ్చాక మాత్రం తూచే వెయ్యాలి. నియమం నియమమే."

"తప్పకుండా."

"ఒక సందేహం. ఆధారపడిన భర్త తక్కెడతో సహా వస్తాడా?"

వారం తిరక్కుండా పిలుపు వచ్చింది. ఒప్పంద పత్రం, జీతం, రెండేళ్ళ తరవాత అర్జీ పెట్టుకునే వివరాలు, అన్నీ ఒక కట్టగా. ఆయన ఆ గడిలో సంతకం చేశాడు. చేసి, అలవాటుకొద్దీ పక్కన ఆఫీసు ముద్ర కూడా కొట్టబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏప్రాన్లు ఇంకో రెండు కుట్టాలిరా," అంది అక్కగారు. "ఒకటి నీకు. గిన్నెలు కడగడానికైనా పనికొస్తావు."

"కొలతలు తీసుకో మరి," అని ఆయన చేతులు చాపి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున రొట్టె వచ్చింది. ఆయన దాన్ని తక్కెడ దాకా తీసుకెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి భార్య అరచేతిలో పెట్టాడు.

"ఎంతుంది?"

ఆమె ఒకసారి ఎగరేసి పట్టుకుంది. "నాలుగు గ్రాములు తక్కువ."

ఆయన తలూపి, తూచకుండానే కవరు విప్పాడు.