ఒక్క ఎత్వం

రెజిమెంటల్ బజార్‌లో ట్రంకు పెట్టెల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే గది ఎలీసబెతు ఆఫీసు. ఆమె ప్రైవేటు డిటెక్టివ్. మే నెలలో ఒక పొద్దున, నడివయసు ఆడమనిషి ఒకామె ఆ మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"నా పేరు విమలమ్మ. నా పెనిమిటి పర్వతాలు. అల్వాల్ అవతల పిల్లల క్యాంపు ఉంది గద మేడం, గాడ పనిచేస్తడు. పిల్ల సచ్చిపోయింది, మీకు ఎర్కయ్యే ఉంటది."

తెలియకపోవడమేం, మూడు రోజులుగా ఊరంతా అదే మాట. అపార్ట్‌మెంట్ లిఫ్టు తప్ప మరేదీ ఎక్కి ఎరగని పిల్లలకు అడవిలో ఎలా బతకాలో నేర్పే వేసవి శిబిరం అది. పేరు 'అడవిబాట'. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం ఇంటికి రావచ్చు. చెకుముకి రాయితో నిప్పు చేయడం, తాడు ముడులు, నీడను బట్టి దిక్కు చెప్పడం, దారి తప్పితే మూడుసార్లు విజిల్ ఊదడం. నేర్చుకోవడం మంచిదే. నేర్పేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్పితే ఇంకా మంచిది. పదమూడేళ్ళ సృజన బుధవారం ఆ శిబిరం పక్కనున్న పాత రాతి క్వారీ నీళ్ళలో శవమై తేలింది.

"ఠాణాల కూసున్నడు. నేనే సంపిన అంటుండు. బుక్కెడన్నం ముడ్తలేడు. రేపు కోర్టుకు తీస్కపోతరట. గదే మాట ఆడ సుత చెప్తే ఆయన బయటికి రాడు మేడం. వచ్చినా బతకడు."

ఎలీసబెతు చేతిసంచి అందుకుంది. ఆమె సహాయకుడు భానుప్రకాశ్ అప్పటికే నోట్‌బుక్ జేబులో పెట్టుకుని మెట్ల దగ్గర ఉన్నాడు. నలభై దాటిన మనిషి. మేడమ్ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా రాసుకోదగిందని అతని నమ్మకం. ఆమెకు ఆ నమ్మకం అప్పుడప్పుడూ విసుగు తెప్పించేది.

ఠాణాలో పర్వతాలు తల ఎత్తలేదు. "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పన్నా" అని ఎలీసబెతు నేల మీదే ఎదురుగా కూర్చున్నాక మెల్లగా నోరు విప్పాడు.

ఆ రోజు ఆట పేరు ఒంటరి బాట. పిల్లలందరూ డేరా దగ్గర పర్వతాలుతో ఉంటారు. క్యాంపు యజమాని రఘునాథ్ చింతచెట్టు కింద, శిక్షకుడు సత్యదేవ్ వాగు దగ్గర నిలబడతారు. తమ దగ్గరికి ఏ పిల్లను పంపాలో ఆ ఇద్దరూ వాకీటాకీలో చెబుతారు. పర్వతాలు దారి చూపించి ఒక్కొక్కరినే పంపుతాడు.

"పదీ ఇరవైకి మాటొచ్చింది. 'సృజనను గడ్డకు పంపు' అని. గరగర అంటుండె, ఏ సారో తెల్వలే. క్వారీ పక్కన మట్టి దిబ్బను మేం గడ్డంటం. సార్ ఆడికి మారిండేమో అనుకున్న. గడ్డెక్కకు బిడ్డా, కిందనే సార్ ఉంటడు అని చెప్పి తోలిన. ఆడెవ్వరు లేరు మేడం. సార్ ఏడున్నడో అని చూసేతందుకు ఎక్కినట్టుంది."

దిబ్బ అంచున మట్టి జారి పడిన గుర్తును, ఆ కింద రాతి సందులో వేర్లతో సహా సగం ఊడి వేలాడుతున్న పొదను ఎలీసబెతు తర్వాత స్వయంగా చూసింది. పిల్ల కాసేపు ఆ పొదను పట్టుకునే ఉంది. ఆ సంగతి భానుప్రకాశ్ నోట్‌బుక్‌లో రాయలేకపోయాడు.

క్యాంపులో రఘునాథ్ చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. తెనాలి నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డ మనిషి.

"నేను పంపమనలేదు మేడమ్. నా సెట్టు ఛార్జింగు అయిపోయి ఆ టైములో మూగనోము పట్టింది. పదిన్నర దాటాక మూడు విజిల్స్ మాత్రం వినబడ్డాయి, చాలా దూరంగా. మళ్ళీ మూడు. పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారనుకున్నాను."

చింతచెట్టు నుంచి క్వారీకి చాలా దూరం. వాగు నుంచైతే నాలుగు నిమిషాల నడక. ఎలీసబెతు ఆ రెండు దూరాలూ నడిచి చూసుకుంది.

సత్యదేవ్ ముప్పై ఏళ్ళవాడు, నిటారైన మనిషి. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"సృజనను పంపమని మీరు అడగలేదా?"

"లేదండి. ఆ గుంటని ఆవేళ నేను చూడనేలేదండి. రఘునాథ్ గారి వైపు వెళ్ళుంటుందనుకున్నాను."

"క్వారీ ప్రమాదమని తెలుసు కదా?"

"ఎందుకు తెలీదండి? రోడ్డు వైపు ఎర్ర బోర్డు పాతించింది నేనే. రోజూ దాని పక్కనుంచే వస్తాను."

"మీదే ఊరు?"

"కోస్తా వైపండి" అని ఊరుకున్నాడు.

వాగు దగ్గరికి వచ్చిన పిల్లల పేర్లు రాసుకున్న కాగితం అడిగితే ఇచ్చాడు. ఒకటి, రెండు అంకెల పక్కన పేర్లూ టైములూ ఉన్నాయి. మూడో అంకె పక్కన ఏమీ లేదు. నాలుగు పక్కన మళ్ళీ ఒక పేరు, పదకొండు గంటలు. ఎలీసబెతు దాన్ని చాలాసేపు చూసింది.

బయటికి రాగానే భానుప్రకాశ్ ఉప్పొంగిపోయాడు. "దొరికాడు మేడమ్! ఆ గుంటను చూడనే లేదన్నాడు. మళ్ళీ రోజూ దాని పక్కనుంచే వస్తానంటాడు. క్వారీ గుంట గురించి అంత అబద్ధమా?"

"అబద్ధం కాదు భానూ. అతను అక్కడ చెప్పిన ఒకే ఒక్క నిజం అది" అని, ఆమె ఎస్సై విజయేందర్‌కు ఫోన్ చేసి సత్యదేవ్ కాల్స్ జాబితా తెప్పించమంది.

సాయంత్రం ఐదింటికి క్యాంపు రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. రఘునాథ్, సత్యదేవ్, విమలమ్మ, ఎస్సై వెంట తెచ్చిన పర్వతాలు. ఒక మూల సృజన తల్లి కుసుమకుమారి ఒక్కతే కూర్చుంది. గోడకు పిల్లల విజిల్స్ వరసగా వేలాడుతున్నాయి. ఒక మేకు ఖాళీగా ఉంది.

ఎలీసబెతు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, ఊసుపోకకు అడిగినట్టు సత్యదేవ్ వైపు తిరిగింది.

"ఈ ఎండలకు మీ ఊరి గెడ్డలో నీళ్ళున్నాయా?"

"ఎక్కడండీ, ఉగాదికే ఎండిపోయింది. మొన్న అమ్మ కూడా..." సత్యదేవ్ ఆగిపోయాడు.

రఘునాథ్ అయోమయంగా చూశాడు. "గడ్డలో నీళ్ళేమిటి మేడమ్?"

"తెనాలి మనిషికి తెలియదు. పర్వతాలుకూ తెలియదు. నేను పార్వతీపురం దగ్గర ఆస్పత్రిలో నాలుగేళ్ళు నర్సుగా చేశాను కాబట్టి నాకు తెలుసు. అక్కడ వాగును గెడ్డ అంటారు. ఆడపిల్లను గుంట అంటారు. 'ఆ గుంటని నేను చూడలేదు' అంటే మా భానుకు క్వారీ గుర్తొచ్చింది. సత్యదేవ్ చెప్పింది సృజన గురించి. ఇద్దరూ కోస్తావాళ్ళే అయినా, వాకీటాకీలో ఆ మాట అనగలిగినవాడు ఒక్కడే. ఇతను గెడ్డ అన్నాడు. ఆ గరగరలో పర్వతాలుకు గడ్డ అని వినిపించింది. ఒక్క ఎత్వం తేడా."

"రోజూ వాగు అనే అంటానండి" అన్నాడు సత్యదేవ్.

"అంటారు. బుధవారం మాత్రం అనలేదు. పదీ పన్నెండు నుంచి పదీ నలభై ఎనిమిది దాకా మీరు సాలూరులో మీ అమ్మతో ఫోన్‌లో ఉన్నారు. జాబితా ఎస్సై గారి దగ్గరుంది. ఒక చెవిన అమ్మ, మరో చేతిలో సెట్టు. నోట్లో ఇంటి మాటే ఉంది. అక్కడిదాకా అది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది."

ఆమె ఆ కాగితం బల్ల మీద పరిచింది.

"పిలవని పిల్ల కోసం ఎవరూ మూడో గడి ఖాళీగా ఉంచరు. మీరు సృజన కోసం చూశారు. రాలేదు. అయినా ఎవరినీ అడగలేదు. అంత దూరాన రఘునాథ్ గారికి వినిపించిన విజిల్ మీకు వినిపించలేదంటే నేను నమ్మను. శవం దొరికాక మీకు మొత్తం అర్థమైంది. అప్పుడు, పంపమని అడగనే లేదని పోలీసులకు చెప్పి, ఈ మనిషిని ఠాణాలో కూర్చోబెట్టారు."

సత్యదేవ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "అమ్మకి ఒంట్లో బాలేదండి. ఫోన్ పెట్టేశాక చూద్దామనుకున్నాను."

"ఎన్నిసార్లు ఊదింది?" కుసుమకుమారి అడిగింది. ఆమె మాట్లాడటం అదే మొదలు.

సత్యదేవ్ చేతులు తీయకుండానే చెప్పాడు. "నాలుగు... ఐదు సార్లమ్మా. తర్వాత ఆగిపోయింది."

ఎస్సై లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. పర్వతాలును ఇక ఇంటికి వెళ్ళమన్నాడు. విమలమ్మ భర్త చెయ్యి పట్టుకుని లేపబోయింది. అతను లేవలేదు.

"ఏ గడ్డ సార్ అని ఒక్క మాట అడిగితే అయిపోతుండె" అన్నాడు తనలో తాను.

భానుప్రకాశ్ నోట్‌బుక్ తీసి, 'గుంట' పక్కన తను రాసుకున్న 'క్వారీ' అనే మాట కొట్టేశాడు. అక్కడ 'సృజన' అని రాశాడు. ఎప్పుడూ మేడమ్‌ను మెచ్చుకోవడానికి తొందరపడే మనిషి ఇవాళ నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు.

కుసుమకుమారి వచ్చి పర్వతాలు ఎదుట నిలబడింది. అతను కొడుతుందేమోనన్నట్టు తల వంచుకున్నాడు.

"నువ్వు పంపేటప్పుడు ఏమన్నా అందా?"

"అన్నదమ్మా. విజిల్ చూపెట్టింది. 'తప్పిపోతే మూడుసార్లు ఊదుత అంకుల్, వస్తవు గద?' అన్నది."

"నువ్వేమన్నావు?"

"వస్త బిడ్డా అన్న" అన్నాడు పర్వతాలు. డేరా దగ్గర పిల్లల అల్లరిలో అతనికి ఏ విజిలూ వినిపించలేదు.