రామి మూడో సంతకం

పొద్దున్నే అరుగు మీద కూర్చుని రామి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒళ్లో మనుమరాలు అనిత కారు రేసు బట్టలున్నాయి. మెడ నుంచి మడమల దాకా ఒకటే తొడుగు, తెలుపూ నీలమూ. నిప్పంటుకున్నా కాసేపటి దాకా కాలదట ఆ బట్ట. మహబూబాబాద్‌లో దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్ కింద పెట్టనన్నాడు. అందుకే అనిత తండాకు తెచ్చి దాదీ ఒళ్లో పడేసింది.

"నిప్పుకే లొంగని బట్ట, నీ సూదికి లొంగుతదా అత్తా?" అంది కోడలు చాందీ, పొయ్యి ముందు నుంచి.

"అద్దాలు కుట్టిన చెయ్యి ఇది. నువ్వు జర చాయ్ పొయ్యి, తర్వాత నవ్వు."

కుట్టాల్సింది అరచేతంత పట్టీ. రేసు మనిషికి డబ్బు పెట్టే కంపెనీ పేరు ఛాతీ మీద ఉండాలట. పెద్ద పెద్ద అక్షరాలు, తెలుగులో ఉన్నాయి. రైతులు చదువుకోవాలని కంపెనీవాళ్లు తెలుగులోనే రాయించారు. రామికి ముచ్చటేసింది. యాభై దాటాక ఆమెకు అక్షరాలు వచ్చాయి. అనిత ఒకటో తరగతి పలక మీద మొదలుపెట్టి, బస్సు బోర్డులూ, మందు డబ్బాలూ, విత్తనాల సంచులూ చదువుతూ తనంతట తానే నేర్చుకుంది. ఇప్పటికీ వేలు పెట్టుకుని చదవాలి.

వేలు పెట్టింది. "తొ... లి... మొ... గ్గ."

తొలిమొగ్గ సీడ్స్.

రామి వేలు అక్కడే ఆగిపోయింది. ఆ పేరు ఆమె ఇంతకుముందు ఒకసారి చదివింది. మూడేళ్ల కిందట, మిరప విత్తనాల సంచి మీద.

ఆ ఏడు తండాలోని నలభై ఇళ్లూ ఆ విత్తనమే వేశాయి. చెట్లు నడుమెత్తు పెరిగాయి. పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఒక్క కాయ నిలబడలేదు. రామి పేరు మీదున్న రెండెకరాలూ అంతే. కొడుకు హరిలాల్ ఆ చేను వైపు మళ్లీ చూడలేదు. భూపాలపల్లి పోయి బొగ్గు టిప్పరు తోలుతున్నాడు, నెలకోసారి వస్తాడు. నలభై ఇళ్లవాళ్లూ కలిసి కంపెనీ మీద వినియోగదారుల కోర్టుకు పోయారు. ఫిర్యాదు మీద మొదటి పేరు రామిది. వేలిముద్ర వెయ్యమని గుమస్తా సిరా డబ్బా ముందుకు నెట్టితే, ఆమె దాన్ని వెనక్కి నెట్టి కలం అడిగింది. రా, మి. అది ఆమె జీవితంలో మొదటి సంతకం. వెనక నిలబడ్డ ముసలి టీక్యా, "మా రామి రాస్తది సారూ, మేం ముద్రేస్తం" అని గర్వంగా చెప్పుకున్నాడు.

అనిత తడి జుట్టు తుడుచుకుంటూ బయటికొచ్చింది. పట్టీ మీద ఆగిన వేలు చూసి, తువ్వాల భుజం మీదికి దించింది.

"చదివినవా దాదీ?"

"నీకు తెలుసా ఛోరీ?"

"తెలుసు."

"తెలిసే తెచ్చినవా?"

అనిత వచ్చి పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. సెలవుల్లో భూపాలపల్లి పోయినప్పుడు ఖాళీ మైదానంలో తండ్రి దగ్గర స్టీరింగ్ పట్టింది. హైదరాబాద్‌లో చదువుకుంటూ, పిల్లలు చిన్న కార్లు తోలే కార్టింగ్ ట్రాక్‌లో పనికి కుదిరింది. అక్కడి నుంచి ఆడపిల్లల పోటీకి ఎంపికైంది. మొదటి ఏడు ఖర్చంతా నిర్వాహకులదే. మూడో స్థానంలో వచ్చింది. ఈ ఏడు పైమెట్టు రేసు. అక్కడ టీమే వెతుక్కోవాలి, టీముకు డబ్బు తెచ్చే స్పాన్సర్‌నూ వెతుక్కోవాలి.

"పదకొండు కంపెనీలకు రాసిన దాదీ. టైర్లోళ్లకు, సిమెంటోళ్లకు, నగల దుకాణాలకు. ఒక్కలు జవాబియ్యలే, గీ తొలిమొగ్గోళ్లే మేం పెడ్తమని వచ్చిండ్రు. చెన్నై టీమోళ్లు నువ్వు మంచిగ తోలుతున్నవ్, సీటు నీదే, సోమవారం లోపల స్పాన్సర్‌ను తే అన్నరు. తేకపోతే ఇంకో పిల్ల తయారుగున్నది. వాళ్ల నాయిన ఫ్యాక్టరీ పేరేసుకొని వస్తది. ఒక్క చుట్టుకు నాకంటె రెండు సెకండ్లు వెనుకుంటది దాదీ ఆమె. రెండు సెకండ్లు!"

"రెండు సెకండ్లంటే ఎంత?"

అనిత రెప్ప మూసి తెరిచి, మళ్లీ మూసి తెరిచింది. "మా దగ్గర అది మస్తు దూరం."

ఇంతలో వాకిట్లో కారు ఆగింది. ముందు హరిలాల్ దిగాడు, గోళ్లలో బొగ్గు నలుపుతో. వెనకే జనగామ రమాకాంత్ సేటు. తండ్రి కాలం నుంచీ ఈ చుట్టుపక్కలకు విత్తనాలు పంపే వ్యాపారి, ఇప్పుడు తొలిమొగ్గకు ఏజెంటు. సేటు వచ్చాడని చాందీ కుర్చీ వేసింది. లంబాడీలో సాగుతున్న మాట తెలుగులోకి మారింది.

"రామవ్వా, బాగున్నవా? నేను కాయితం మోసుకొచ్చినోన్ని అవ్వా, నామీద కోపం పెట్టుకోకు" అన్నాడు రమాకాంత్.

కాగితం రామి చేతికిచ్చాడు. ఆమె వేలు పెట్టి చదివింది. అందరూ ఆగారు. మొదటి ఫిర్యాదుదారు రామి తన ఫిర్యాదును... అక్కడ ఒక పొడుగు మాట అడ్డం వచ్చింది.

"ఇ... ష్ట... పూ... ర్వ... ఇష్టపూర్వకంగా. అంటే ఏంది సేటూ?"

"ఎవ్వరు బలవంతం పెట్టలేదు, మనసొప్పి చేస్తున్ననని."

"ఓహో." రామి కాగితం ఒళ్లో పెట్టుకుంది. "నా పేరు తీస్తే మిగిలినోళ్ల సంగతేంది?"

రమాకాంత్ చెప్పులు చూసుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మొదటి పేరే పోయినంక కేసుల బలముండదవ్వా. వకీలు గదే అంటున్నడు."

"మా చేన్లు ముంచిన కంపెనీకి మా తండా పిల్లనే దొరికిందా?"

"యాడీ!" తల్లి మీద హరిలాల్ గొంతు పెరిగింది. "మూడేండ్ల నుంచి కోర్టు చుట్టూ తిరుగుతున్నం. వాయిదాలు తప్ప ఏమొచ్చింది? నా బతుకు టిప్పర్ల పోయింది. దీని బతుకన్న బాగుపడని. సంతకం పెట్టు."

"టీక్యా మొఖం ఎట్ల చూడాలె? మోతీ మొఖం ఎట్ల చూడాలె?"

"నా బిడ్డ మొఖం చూడు ముందు!"

రమాకాంత్ లేచాడు. "తొందరేం లేదవ్వా. రేపు రైలు టైముకు డోర్నకల్ స్టేషన్ల ఉంట. అనితమ్మ ఈ కాయితం నాకిస్తే, స్పాన్సర్ చేస్తమన్న కంపెనీ ఉత్తరం ఆమెకిస్త." చాయ్ సగం తాగి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా నోరు కట్టుకున్న చాందీ ముందుకొచ్చింది. "నలభై ఇండ్ల కోసం కాదత్తా. నేను చెప్త. నీకు ఎవరు గడప దాటినా ఓర్వదు. హాస్టలుకు పోతుంటే దీని పెట్టె దాచిపెట్టినవ్. హైదరాబాద్ పోతుంటే జరమొచ్చిందని పడుకున్నవ్. ఇప్పుడు గీ కాయితం దొరికింది నీకు, అడ్డం పెట్టనీకి."

"చాందీ!" అన్నాడు హరిలాల్. కానీ మాట బయటికి వచ్చేసింది.

రామి గడప వైపు చూసింది. మొగుడు మిరపకాయలు ఏరే పనికి గుంటూరు వైపు పోయి, ట్రాక్టరులో శవమై వచ్చాడు. కూతురు రాజీ అత్తారింటికి పోయి మూడో ఏట కాన్పులో కన్నుమూసింది. పోతానన్న వాళ్లెవరూ ఆమెకు మళ్లీ దక్కలేదు. ఉదయం పట్టీ మీది పేరు చదివినప్పుడు గుండెలో మంట లేచిన మాట నిజమే. కానీ దాని అడుగున, ఎక్కడో, హమ్మయ్య అన్నట్టు ఒక చల్లదనం కూడా లేచింది. ఇక పిల్ల పోదు. ఆ చల్లదనాన్ని కోడలు చూసేసింది.

నలభై ఇళ్లను నా భయానికి ముసుగుగా కప్పుకున్నానా అనుకుంది. ఆ సిగ్గుతోనే మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా కలం తీసుకుంది. రా, మి. రెండో సంతకం మొదటిదానికన్నా వంకరగా వచ్చింది. సాయంత్రానికి పట్టీ కూడా కుట్టేసింది. అనిత కాగితం చూసింది, దాదీని చూసింది. వద్దనలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది.

తెల్లారి ఆటో వచ్చేసరికి తండా ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. పెళ్లై పోయే పిల్ల వాళ్ల మెడలు పట్టుకుని ఏడుస్తూ పాడాలి, పుట్టిన తండాను దీవించి కదలాలి. అది వాళ్ల ఆచారం. రామి ఎందరికో నేర్పిన పాట అది.

"పెండ్లెప్పుడు చేసుకుంటదో ఏమో, కారునే కట్టుకునేటట్టుంది. ఇప్పుడే పాడిపిద్దాం!" అంది పక్కింటి ముసలి మోతీ. అందరూ నవ్వారు. అనితా నవ్వింది.

నవ్వుతూనే మోతీ మెడ చుట్టూ చేతులు వేసింది. మోతీ ముందు ఎత్తుకుంది, అనిత అందుకుంది. రెండు చరణాలు గడిచేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ల కొంగులు కళ్ల మీదికి వెళ్లాయి. దీవెన దగ్గరికి వచ్చింది పాట. ఒక్కో ఇంటి పేరూ చెప్పాలి.

"టీక్యా తాత చేను పండాలె... మోతీ దాదీ చేను పండాలె... నగేశ్ బాబాయ్ చేను..."

గొంతు తెగినట్టు ఆగింది. అందరూ దుఃఖమనుకున్నారు. రామికి తెలుసు. ఆ పిల్ల భుజానికున్న సంచిలో ఏముందో రామికి తెలుసు.

మోతీ అనిత వీపు నిమిరింది. "చెప్పు బేటీ, ఇంక ముప్పై ఏడిండ్లున్నయ్, రైలు పోతది."

అనిత చెప్పలేకపోయింది. మోతీ మెడ వదిలి, సంచి తెరిచి, కాగితం తీసి దాదీ చేతిలో పెట్టింది. రేసు బట్టలు కూడా తీసి పైన పెట్టింది.

"ఇవి నీ దగ్గరనే ఉండని. పట్టీ ఇప్పెయ్."

"అనితా!" హరిలాల్ ఆటో పక్క నుంచి ముందుకొచ్చాడు. "సోమవారం దాటితే సీటు పోతది బిడ్డా."

"తెలుసు బాపూ. నోటితోని పండాలె అనుకుంట, సంచిల గిది మోస్కపోలేను. స్టేషన్ల సేటుకు నేను చెప్పుకుంట."

తర్వాత ఆమె మిగిలిన ముప్పై ఏడు ఇళ్ల పేర్లూ చెప్పింది. ఒక్కటీ వదలలేదు. ఆటో కదిలింది. చెన్నైకి కాదు, హైదరాబాద్‌కు, పిల్లలకు చిన్న కార్లు తోలడం నేర్పే పాత పనికి.

మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. "సీటు ఆ పిల్లకిచ్చిండ్రు దాదీ" అంది అనిత. అంతే. అవతల చిన్న కార్ల రొద వినిపిస్తోంది.

ఫోను పెట్టేసి రామి రేసు బట్టలు ఒళ్లోకి తీసుకుంది. ఒక్కో కుట్టూ తెంపింది. పట్టీ ఊడొచ్చింది కానీ, ఛాతీ మీద సూది గుచ్చిన సన్నటి రంధ్రాలు చతురస్రంగా మిగిలిపోయాయి. వేలితో ఎంత రుద్దినా పూడలేదు. పిల్ల పోవద్దని ఎన్నేళ్లు దేవుళ్లకు మొక్కుకుంది! మొక్కు తీరింది. ఇంత చేదుగా తీరుతుందని తెలియదు. ఆ బట్టల్లో ముఖం దాచుకుని, రాజీ పోయినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది.

చాందీ వచ్చి పక్కన కూర్చుంది. అత్త భుజం మీద చెయ్యి వేసింది. "నేనే ఎక్కువ మాట్లాడిన అత్తా."

"లేదు. నిజమే అన్నవ్." రామి కళ్లు తుడుచుకుంది. "కలం ఎక్కడుంది చూడు."

సేటు తెచ్చిన కాగితం మీద తన రెండో సంతకాన్ని నల్లగా కొట్టేసింది. తిప్పింది. వెనక వైపు తెల్లగా, ఖాళీగా ఉంది. అనిత పదకొండు ఉత్తరాలు రాసింది. ఇది పన్నెండోది.

"ఎవరికత్తా?"

"ఎవరికని అనితనే చెప్పని. ముందు రాయాలె."

ఎండ అరుగు మీది నుంచి గోడ మీదికి ఎక్కేదాకా రాసింది. చాందీ చాయ్ పెట్టి తెచ్చేసరికి ఉత్తరం పూర్తయింది.

'అయ్యా, నా పేరు రామి. మా మనుమరాలు ఒక్క చుట్టుకు రెండు సెకండ్లు ముందుంటది. మా చేను పండలేదు గాని మా పిల్ల మంచిది. దాని రేసుకు మీరు తోడుంటామంటే చెప్పండి. దాన్ని పంపిస్తాను.'

చివర కొంచెం చోటు మిగిలింది. రామి చాలాసేపు ఆలోచించింది. తర్వాత ముందు పేజీ తిప్పి, ఆ పొడుగు మాటను చూస్తూ, ఒక్కో అక్షరమే దింపుకుంది.

'ఇష్టపూర్వకంగా, రామి.'