ఎడమచేతి గాట్లు

కత్తి కోసం మేనత్త మళ్ళీ కుడివైపు గోడను తడిమింది. అక్కడ కత్తి ఉండదని ఆమెకు తెలుసు. అయినా రోజూ పొద్దున్నే చెయ్యి అటే పోయేది.

“ఈ ఇంట్లో అన్నీ అడ్డదిడ్డమే! కత్తి ఎడమపక్క, గరిటెలు ఎడమపక్క. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు వడ్రంగివేనా? ఊళ్ళోవాళ్ళందరికీ అల్మారాలు బిగిస్తావు, సొంత అక్కకి ఒక్క కొక్కెం మార్చి పెట్టలేవా?”

“చూద్దాంలే అక్కా” అన్నాడు నాన్న, టీ గ్లాసులోకి చూస్తూ.

ఏడాదిగా ఆయన అదే మాట అంటున్నాడు. ఆ కొక్కేలు అమ్మ దగ్గరుండి కొట్టించుకున్నవి. అమ్మది ఎడమచేతి వాటం. అమ్మ పోయాక వంట చూసుకోవడానికి మేనత్త వచ్చింది. ఆమె గిన్నెలు వచ్చాయి, ఆమె గొంతూ వచ్చింది. కొక్కేలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని రొట్టె నములుతోంది. రుచి ఏమీ తెలియడం లేదు. అమ్మ పోయినప్పటి నుంచి తిండి అంటే నమిలి మింగాల్సిన వస్తువు, అంతే. అమ్మను తీసుకెళ్ళిన రోజు కూడా తను ఏడవలేదు. “పిల్ల రాయిలా కూర్చుంది” అని ఎవరో గుసగుసలాడితే వింది. నిజమే కదా అనుకుంది. అలా అన్నందుకు బాధ కూడా కలగలేదు.

“రేపు చెక్క బడికి తీసుకెళ్ళాలి” అంది.

“ఏ చెక్క?”

“కూరగాయలు తరిగే పాతది. డ్రాయింగు టీచరు తెమ్మంది.”

“బొమ్మలు నేర్పే ఆవిడకి కూరల చెక్కెందుకే? వంటల పోటీ గానీ పెడుతోందా?”

“కాదు.”

“మరి?”

“ఊరికే.”

“చూశావురా, మన మునీశ్వరి నోట్లోంచి మాట రావాలంటే గుడ్డేసి వడగట్టాలి!” మేనత్త మూలనున్న ఆ పాత చెక్కను ఎత్తి వెలుతురులో తిప్పింది. “దీని వాలకం చూడు. నిండా మరకలు, నిండా గాట్లు. నలుగురిలో పెడితే ఇదేం ఇల్లురా బాబూ అనుకోరూ? నా తల కొట్టేసినట్టుంటుంది.”

నాన్న చెక్కను చూశాడు. కూతుర్ని చూశాడు. మిగిలిన టీ తాగేసి వెనకనున్న పనిషెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అసలు సంగతి అమ్మాయి చెప్పి ఉండాల్సింది. కానీ చెప్పాలంటే అమ్మ మాట ఎత్తాలి. ఆ ఇంట్లో ఎవరూ అమ్మ మాట ఎత్తరు.

డ్రాయింగు టీచరు పిల్లలచేత పళ్ళూ పూలూ గీయించే మనిషి కాదు. “మీ ఇంట్లో ఏం తింటారో, ఎవరు వండుతారో నాకు చూపించండి. కానీ గీయొద్దు. వంటింట్లో బాగా అరిగిన వస్తువు ఒకటి పట్టుకురండి” అంది. పలుచని కాగితం పరిచి పెన్సిల్ని పడుకోబెట్టి రుద్దితే, వస్తువు మీది గీతలన్నీ కాగితం మీద తేలతాయని చేసి చూపించింది. అందరివీ కలిపి బడి హాల్లో గోడ పొడవునా అంటిస్తారట. శనివారం వీధిలోవాళ్ళంతా వచ్చి ఎవరి వంటిల్లు ఏదో పోల్చుకోవాలట.

రొట్టెల కొట్టు వాళ్ళమ్మాయి ముందే ఒక రేకు పళ్ళెం తెచ్చింది. రుద్దితే దాని ఒక మూల మాత్రం బోసిగా వచ్చింది. “అక్కడ మా తాత రోజూ వేళ్ళతో దరువేస్తాడు” అని ఆ పిల్ల పకపకా నవ్వింది. చూస్తూ ఉంటే అమ్మాయికి తమ ఇంటి చెక్క గుర్తొచ్చింది. మేనత్త వచ్చేటప్పుడు తన చెక్క తనే తెచ్చుకుంది. అమ్మ చెక్క మీద ఆ తర్వాత ఎవరూ ఏదీ తరగలేదు. దాని మీద ఉన్న గాట్లన్నీ అమ్మవే. అందరి గాట్లూ ఒకవైపుకు ఒరిగితే అమ్మవి రెండోవైపుకు ఒరుగుతాయి. ఏడాది తర్వాత తనకు కావాలనిపించిన మొదటి వస్తువు అది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి చెక్క బల్ల మీద ఉంది. తెల్లగా ఉంది. పాలమీగడలా నున్నగా ఉంది. కొత్త చెక్క వాసన వేస్తోంది.

అమ్మాయి వేళ్ళతో తడిమింది. తిప్పి చూసింది. రెండోవైపూ అంతే.

“తెల్లారకముందే లేచి చిత్రిక పట్టాడే మీ నాన్న!” మేనత్త మురిసిపోయింది. “ఇప్పుడు తీసుకెళ్ళు, ఎవరికి చూపిస్తావో.”

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. జుట్టులో చెక్కపొట్టు. మొహంలో ఏడాదిగా కనిపించనిదేదో కనిపిస్తోంది. బాగుందని కూతురు అంటుందేమోనన్న ఆశ.

“ఎవరు చెయ్యమన్నారు?” అంది అమ్మాయి.

“ఏంటమ్మడూ?”

“నిన్నెవరు అడిగారు నాన్నా? నేనడిగానా?”

“ఏయ్, అదేం మాట?” మేనత్త గరిటె పట్టుకుని తిరిగింది. “నీ పరువు కోసం చలిలో లేచి చేస్తే—”

“నాకు పరువొద్దు అత్తా! గాట్లే కావాలి. అవి అమ్మ గాట్లు. అమ్మవి ఇంకేం మిగిలాయి ఈ ఇంట్లో? చీరలు నువ్వు సర్దేశావు. మంచం నాన్న విప్పేశాడు. ఉన్నది ఆ గాట్లొక్కటే. టీచరు కాగితం మీద దించుకోమంది. అందుకే అడిగాను.”

మేనత్త గరిటె కిందికి దించింది.

“చెప్పొచ్చు కదే తల్లీ” అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని ఎవరికీ తెలియదు.

“ఎవరికి చెప్పను? నాన్న వింటాడా? నాన్న అసలు మాట్లాడతాడా?”

నాన్న బల్ల దగ్గరికి వచ్చాడు. చెక్క వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి షెడ్డులోకి పరుగెత్తాడు. వెంటనే బయటికి వచ్చి వీధి తలుపు వైపు పరుగెత్తాడు.

“చెప్పుల్లేకుండా ఎక్కడికిరా?”

“పొట్టు! కోళ్ళావిడ బస్తా తీసుకుపోయింది!”

రోజూ పొద్దున్నే వీధి చివర ఉండే కోళ్ళావిడ వచ్చి, కోళ్ళ కింద పరవడానికి షెడ్డులోని పొట్టు ఎత్తుకుపోతుంది. అమ్మాయి నాన్న వెనకాలే పరుగెత్తింది. వాళ్ళు వెళ్ళేసరికి ఆవిడ బస్తా మూతి విప్పుతోంది.

“ఆపమ్మా, ఆపు! నా పొట్టు నాకిచ్చెయ్.”

ఆవిడ నోరు తెరిచింది. “పొట్టు తిరిగిమ్మనే వడ్రంగిని నా జన్మలో చూళ్ళేదన్నా! నా కోళ్ళేం పాపం చేశాయి?”

“రేపు రెండు బస్తాలిస్తా. ఇది మాత్రం ఇచ్చెయ్.”

షెడ్డులో బస్తాను నేల మీద గుమ్మరించాడు. నిన్నటి తలుపుల పొట్టు, కిటికీల పొట్టు, అంతా కలిసిపోయింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరంలా చుట్టుకున్న ఒక పొట్టు చుట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పారేశాడు. ఇంకోటి తీశాడు. అమ్మాయికి అర్థమై తనూ కూర్చుంది. ఇద్దరూ ఒక్కో చుట్టా వాసన చూస్తూ పక్కన పెడుతున్నారు. చెక్క వాసన. చెక్క వాసన. మళ్ళీ చెక్క వాసనే.

అప్పుడు ఒక చుట్ట దగ్గర అమ్మాయి ఆగిపోయింది.

ఉల్లిపాయ. వెల్లుల్లి. సన్నగా తరిగిన ఆకుకూర. బడి నుంచి వచ్చి గుమ్మంలో సంచి పడేసినప్పుడు వచ్చే వాసన. “కాళ్ళు కడుక్కుని రా, వేడివేడిగా పెడతా” అన్న కేకకు ముందే వచ్చే వాసన.

“నాన్నా” అంది. ఆ చుట్టను ఆయన ముందుకు చాపింది.

ఆయన ఆ చుట్టను అందుకుని, వేళ్ళ మధ్య మెల్లగా విప్పి కిటికీకి ఎదురుగా పట్టాడు. ఉల్లిపొరలా పలుచగా ఉంది. దాని నిండా సన్నని చీలికలు. ఒక్కో చీలికలోంచి వెలుగు గీతలా దిగుతోంది. గీతలన్నీ రెండోవైపుకు ఒరిగి ఉన్నాయి.

“పొర తెగి తెగి వచ్చింది పొద్దున” అన్నాడు నాన్న. “చిత్రిక మొద్దుబారిందనుకున్నా. ఎందుకిలా సతాయిస్తున్నావని తిట్టుకున్నా కూడా. అది మీ అమ్మ అని... నాకు తట్టలేదమ్మడూ. మూడొంతుల జీవితం చెక్కతోనే గడిపాను. నాకే తట్టలేదు.”

ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చప్పుడు లేదు. చెయ్యి మాత్రం ఆ పొర చిరిగిపోకుండా పైకే పట్టుకుని ఉంది.

అమ్మాయి ఆ చేతి కింద తన చెయ్యి ఆనించింది. ఎక్కడో దూరంగా ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. అది తన గొంతేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

ఎప్పుడొచ్చిందో మేనత్త గుమ్మంలో నిలబడి ఉంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, “అలా చుట్టలుగానే అంటిస్తారా ఏంటి? తడిగుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేస్తే చాపలా పరుచుకుంటాయి. మిగతావీ ఏరి ఇటివ్వండి, మాడ్చకుండా చేస్తా” అంది.

శనివారం బడి హాల్లో గోడంతా కాగితాలు. పక్కవీధి దర్జీ తన ఇంటి కూరలు తురిమే రేకును దూరం నుంచే గుర్తుపట్టి నలుగురికీ చూపించాడు. రొట్టెల కొట్టు తాత తన పళ్ళెం బొమ్మ ముందు నిలబడి గోడ మీదే దరువేశాడు. అమ్మాయిది మాత్రం గోడ మీద లేదు. టీచరు ఆ పొరలను వరసగా కిటికీ అద్దానికి అంటించింది. మేనత్త దాని ముందు చాలాసేపు నిలబడింది.

మర్నాడు పొద్దున నాన్న సుత్తి పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

“కొక్కెం మారుస్తా అక్కా. ఎటు కొట్టమంటావు?”

మేనత్త చెయ్యి అలవాటుగా కుడివైపు గోడ మీదికి పోయింది. అక్కడే ఒక క్షణం ఆగింది. తర్వాత ఎడమవైపుకు వెళ్ళి కత్తి తీసుకుంది.

“ఉండనీరా” అంది. “నాకే అలవాటవుతుందిలే.”

అమ్మాయి రొట్టె కొరికింది. కొంచెం ఉప్పు ఎక్కువైంది. ఆ మాట చెబుదామా వద్దా అని ఆలోచించింది.

“అత్తా, ఉప్పు ఎక్కువైంది.”

“హమ్మయ్య! మునీశ్వరికి నాలుక వచ్చింది” అంది మేనత్త, వెనక్కి తిరగకుండానే.