ఆరు మంచాల అప్పగింత

ఆ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఆరు మంచాలు. ఆరింటికీ కలిపి ఒక్క పెద్దక్క. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలీదు. డాక్టరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ పెద్దక్కే. "పది నిమిషాల్లో ఇంటికెళ్లిపోతున్నా" అని ఇరవై ఆరేళ్లుగా చెబుతూనే ఉంది. ఆ పది నిమిషాలు మాత్రం ఒక్కరోజూ సమయానికి పూర్తయిన పాపాన పోలేదు.

ఆ రోజు మరీ అన్యాయం. ముందురోజు రాత్రి డ్యూటీకి వచ్చిన మనిషి. పొద్దున్నే రావాల్సిన చిన్న సిస్టర్ వానకి ఎక్కడో చిక్కుకుపోయింది. సాయంత్రమైనా పెద్దక్క నిలబడే ఉంది. వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టనంటున్నాయి.

"ఇన్ని గంటలు ఇక్కడే ఉంటే మీ ఆయన నిన్ను గుర్తుపడతాడుటే?" అంది రెండో బెడ్డు మామ్మ.

"పడతాడులే మామ్మా, గురక విని. ముందు నువ్వు నోరు తెరువు, మాత్ర."

నవ్వించింది గానీ, పెద్దక్క ప్రాణమంతా నాలుగో బెడ్డు మీదే ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. తెల్లవారుజామున తొలికాన్పు. బిడ్డ బాగానే ఉంది, తల్లికే రక్తం ఆగక అందరికీ ముచ్చెమటలు పట్టించింది. మధ్యాహ్నానికి ఆగింది. మళ్లీ మొదలైతే ఆ ఒంట్లో పోవడానికి ఇంక రక్తం లేదు. అందుకే పావుగంటకోసారి పెద్దక్క నాడి పట్టుకుని చూస్తోంది.

"నాకేం కాదు కదక్కా?"

"నేనుండగానా? పడుకో."

పొద్దు వాలేసరికి కరెంటు పోయింది. మూలనున్న ఎమర్జెన్సీ లైటు, జ్వరమొచ్చిన దానిలా పచ్చగా, నీరసంగా వెలిగింది. ఫినాయిలు వాసన. రేకుల మీద వాన. అప్పుడు తలుపు దగ్గర తడి అడుగుల చప్పుడైంది.

"వచ్చావుటమ్మా తల్లీ!" అంది పెద్దక్క, చేతిలో ఉన్న కాగితాల మీంచి తలెత్తకుండానే.

ఆ వార్డులో డ్యూటీ మారడానికి ఓ పద్ధతుంది. కాగితం మీద ఎంత రాసినా సరే, మంచం మంచానికీ వెళ్లి నోటితో అప్పజెప్పాలి. వచ్చినావిడ "తీసుకున్నా" అనాలి. అనేసిందా, ఆ ప్రాణం ఇక ఆవిడ పూచీ. ఆ పద్ధతి పెట్టింది పెద్దక్కే.

"ఒకటి. జ్వరం తగ్గింది. రాత్రికి మాత్ర ఉంది."

"తీసుకున్నా." గొంతు బొంగురుగా ఉంది. వానలో తడిస్తే ఎవరి గొంతైనా అంతే కదా!

"రెండు, మామ్మ. వాగుడు తప్ప జబ్బేం లేదు."

"తీసుకున్నా."

నాలుగో బెడ్డు దగ్గర మాత్రం పెద్దక్క నోరు విప్పకముందే జవాబొచ్చింది. "తీసుకున్నా."

పక్కనున్న మనిషి నుంచి, ఏళ్ల తరబడి మూసిన బీరువా తెరిచినట్టు ఓ వాసన. ఒక్కసారి మొహంలోకి చూస్తే సరిపోయేది. చూస్తేగా! రెప్పలు ఎత్తడం కూడా బరువైన మనిషి ఆవిడ. ఆరూ అప్పజెప్పి, సంచీ భుజాన వేసుకుని బయటపడింది.

వరండాలో చిన్న సిస్టర్ రెయిన్‌కోటు విప్పుతోంది.

"కోప్పడకక్కా, వంతెన మీద మోకాలిలోతు నీళ్లు. ఇప్పుడే దిగా."

"వేళాకోళమా? ఇందాకే కదే నీకు అప్పజెప్పా..."

"నాకా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వెంటనే పెద్దక్క పరిగెత్తింది. ఆ కాళ్లతోనే.

నాలుగో మంచం పక్కన స్టూలు. ఖాళీగా ఉంది. టార్చి వేస్తే పిల్ల మొహం సున్నం కొట్టినట్టుంది. దుప్పటి తడిసిపోయింది.

"డాక్టరుకి ఫోను చెయ్యి! ఇంజెక్షను తే!"

సూది వేసింది. పొత్తికడుపు గట్టిగా మర్దన చేసింది. ఆగలేదు. వేలి కింద నాడి సన్నగా... ఇంకా సన్నగా...

"ఆ అక్క..." పిల్ల పెదాలు కదిలాయి. "చెయ్యి... వదలట్లేదు..."

పెద్దక్కకి అప్పుడర్థమైంది. ఆ పిల్ల ప్రాణాన్ని తనే దానికి అప్పజెప్పింది. నోరారా.

చీకటి వైపు తిరిగింది. "డ్యూటీ మారాలి. తిరిగి నాకు అప్పజెప్పు."

"ఎవరితోనక్కా?" అంది చిన్న సిస్టర్, ఫోను చెవి దగ్గరే పట్టుకుని.

వాన చప్పుడు. తర్వాత, చాలా దగ్గర్నుంచి...

"ఒకటి... మాత్ర ఇచ్చాను."

"తీసుకున్నా."

"రెండు... నిద్రపోయింది."

"తీసుకున్నా."

"మూడు... అలాగే ఉంది."

"తీసుకున్నా."

"ఐదు..."

"ఆగు! నాలుగేదీ?"

పెద్దక్క పిల్ల కడుపు మీద చెయ్యి ఇంకాస్త నొక్కిపట్టింది.

"మధ్యలో మంచం మింగేసి అప్పజెప్పడమేంటి? ఎవరు నేర్పారే నీకు డ్యూటీ? చెప్పు!" ఇరవై ఆరేళ్లుగా కొత్త నర్సుల్ని గడగడలాడించిన గొంతు అది. చచ్చినవాళ్లయినా ఓసారి సర్దుకుని నిలబడాల్సిందే.

ఓ నిట్టూర్పు. చల్లగా, మెడ మీద.

"నాలుగు... రక్తం... ఆగింది."

"తీసుకున్నా!"

అరచేతి కింద కడుపు గట్టిపడింది. వేలి కింద నాడి... ఉంది. ఉంది! పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఐదు... బాగుంది."

"తీసుకున్నా."

"ఆరు... బాగుంది."

"తీసుకున్నా."

"ఏడు..."

వార్డులో ఉన్నవి ఆరే.

"ఏడు... నిన్నట్నుంచీ నిద్ర లేదు... కాళ్లు వాచాయి... గుండె అలిసిపోయింది." ఆ గొంతులో ఇప్పుడు ఎంతో లాలన. "దీన్ని మాత్రం అప్పజెప్పను. నేనే చూసుకుంటా."

కరెంటొచ్చింది.

ఆరు మంచాలు. ఆరుగురు మనుషులు. నాలుగో బెడ్డు పిల్ల కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. చిన్న సిస్టర్ ఏడుపూ నవ్వూ కలిపి పెద్దక్క చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ఆగిపోయింది.

"అక్కా... ఈ సూది ఎప్పుడు వేయించుకున్నావు?"

పెద్దక్క మోచేతి మడతలో తెల్లటి ప్లాస్టరు. నాలుగు మూలలూ ఎంతో శ్రద్ధగా అతికించి ఉన్నాయి. కింద దూది ఇంకా తడిగానే ఉంది, ఆ మూసిన బీరువా వాసనతో.