విస్బీలో సీజన్ అయిపోయాక

"ఆగస్టు దాకా గదులు లేవండీ," అంది లోవిసా, హోటల్ రిజిస్టర్‌లోంచి తలెత్తకుండానే.

"గది వద్దండీ. వంటగది ఎక్కడో చెప్పండి చాలు. కొత్త వంటవాణ్ణి."

తలెత్తి చూసింది. వానకి తడిసిన జుట్టు, భుజాన సంచి. పేరు మాల్తే అట.

"అరగంట ఆలస్యం. అతిథుల తిట్లన్నీ నేను తింటున్నాను."

"అయితే మీకు టిఫిన్ అక్కర్లేదన్నమాట," అంటూ లోపలికి పోయాడు.

ఆమె పక్క గదిలోకి వెళ్ళాక గానీ నవ్వలేదు.

స్వీడన్‌లో విస్బీ ఊరున్న గోత్‌లాండ్ దీవిలో వేసవి అంటే పది వారాలు. దీవి ఏడాది తిండి అందులోనే సంపాదించుకోవాలి. తీరిగ్గా ప్రేమించుకునే వీలు ఎవరికీ ఉండదు. వాన పడి అతిథులు గదుల్లోనే ఉండిపోయిన రోజుల్లో మాత్రం మాల్తే మాడిన దాల్చినచెక్క బన్ను తెచ్చి కౌంటర్ మీద పెట్టేవాడు.

"ఇది అతిథులకి పనికిరాదు."

"అందుకని నాకా?"

"నువ్వయితే ఏమీ అనవుగా."

"అననని ఎవరన్నారు?"

ఆగస్టు చివర అతిథులతో పాటే అతనూ ఓడెక్కేవాడు. ఉత్తరాన మంచు కొండల్లోని ఓ హోటల్లో చలికాలపు సీజన్ అతని కోసం ఎదురుచూస్తుండేది. లోవిసా తన పిన్నిగారి హోటల్ మూసి, కిటికీలకి రంగులేసుకుంటూ ఉండిపోయేది. మూడేళ్ళు ఇలాగే గడిచాయి. ఫోన్ చేస్తే అవతల గిన్నెల చప్పుడు.

"పనిలో ఉన్నావా?"

"ఉన్నా. అయినా మాట్లాడు."

ఆమె కిటికీల రంగు గురించి చెప్పేది.

మూడో ఏడు నవంబరులో అతనే ఫోన్ చేశాడు. "ఇక్కడ నన్ను హెడ్ చెఫ్‌ని చేస్తారట. ఇక ఏడాదంతా కొండల్లోనే."

"మంచిదేగా," అంది లోవిసా.

"మంచిదేనా?"

ఫోన్ పెట్టేశాక ఒకే కిటికీకి రెండుసార్లు రంగేసింది.

వారం తర్వాత రంగు డబ్బాల కోసం రేవుకి వెళ్తే, ఓడలోంచి మాల్తే దిగుతున్నాడు.

"సెలవు పెట్టావా?"

"ఇక్కడి బడిలో వంటవాడు కావాలట. రేపు రమ్మన్నారు."

"నువ్వా? పిల్లలకి బంగాళాదుంపలు ఉడకేస్తావా?"

"చలికాలంలోనూ ఈ ఊళ్ళో ఉండేది వాళ్ళేగా. కొండల్లో వాళ్ళకింకా జవాబు చెప్పలేదు."

"నా కోసమని ఆ ఉద్యోగం చెడగొట్టుకోకు."

"మూడేళ్ళలో ఒక్కసారైనా ఉండిపొమ్మన్నావా, లోవిసా?"

ఆమె సముద్రం వైపు చూసింది. "భయమేసింది. వెళ్ళేవాళ్ళని ఆపడం ఈ దీవిలో మాకెవరికీ చేతకాదు."

"ఇప్పుడు?"

గాలి కళ్ళలోకి కొడుతోంది. రంగంటిన చేత్తోనే అతని కోటు పట్టుకుంది.

"ఉండిపో."

మాల్తే అక్కడే నిలబడి కొండల్లోని హోటల్‌కి ఫోన్ చేసి, రానని చెప్పాడు. మాట్లాడినంతసేపూ ఆమె చేయి అతని కోటుని వదల్లేదు.